మూసీ గట్టున డబ్బా దాచగలమా?

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కింద ఫోను పట్టుకుని నిలబడితే, తెరమీది నీలిచుక్క ఒకచోట కుదురుగా ఉండదు. చెట్టు మొదట్లో కనిపిస్తుంది, అంతలోనే గోడ అవతలికి పోతుంది, మళ్ళీ కొమ్మల కిందికి వస్తుంది. దాని వెంట నేను అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తుంటే టిఫిన్ క్యారియర్‌తో వెళ్తున్న ఒక పెద్దాయన ఆగి, "కౌన్సా వార్డ్ హోనా?" అని అడిగాడు. ఆసుపత్రిలో వెతుక్కునేవాడు వార్డే కదా వెతుక్కుంటాడు. చెట్టును చూడ్డానికి వచ్చానని చెప్పాను. నన్ను ఎగాదిగా చూసి, పాపం ఎవరికి బాగాలేదో అన్నట్టు తలూపి వెళ్ళిపోయాడు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగిన రోజున ఇది అఫ్జల్ పార్కులోని చెట్టు. 150 మంది దాకా దీని కొమ్మలు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరదలో పోయినవాళ్ళు 15 వేల మందని చెబుతారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ నీళ్ళలోనే పోగొట్టుకున్నాడు. ఏటా ఆ తేదీన కొందరు నగరవాసులు ఈ చెట్టు కింద చేరి వరదను తలుచుకుంటారు. పార్కు పోయింది, ఆసుపత్రి వచ్చింది, చెట్టు మాత్రం ఉంది.

జియోక్యాషింగ్, అంటే జీపీఎస్ చూసి ఎవరో దాచిన డబ్బాలు వెతికే ఆట, ఆడేవాళ్ళు ఎవరైనా ఈ చెట్టును చూస్తే చేతులు దురదపెడతాయి. ఏటి ఒడ్డు, ఒకప్పటి తోట, పెద్ద చెట్టు, తొర్రలు, చెప్పుకోవడానికి ఒక కథ. డబ్బా దాచడానికి ఇంతకంటే ఏం కావాలి? అయినా ఇక్కడ దాచడానికి లేదు. చారిత్రక నదీతీరాల్లో ఈ ఆట చెల్లుతుందా, చెల్లితే ఎలా అన్న వాదం ఇరవయ్యేళ్ళకు పైగా ప్రపంచమంతటా నడుస్తోంది. దాన్ని పాతబస్తీ గట్టుమీద నిలబెట్టి చూస్తే తేలేది వేరు.

ఆట పుట్టుక అందరికీ తెలియకపోవచ్చు. 2000 మే నెల మొదటి తేదీల దాకా అమెరికా తన జీపీఎస్ సంకేతాలను మామూలు జనానికి కావాలనే చెడగొట్టి ఇచ్చేది. నువ్వు ఉన్నచోటికీ యంత్రం చూపే చోటికీ వంద మీటర్ల తేడా ఉండేది. క్లింటన్ ప్రభుత్వం ఆ అడ్డు తీసేసిన వెంటనే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ దగ్గరి అడవి అంచున ఒక నల్ల బకెట్టు దాచి, అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. అందులో పుస్తకాలు, క్యాసెట్లు, ఒక ఉండేలు, ఒక చిక్కుడుగింజల డబ్బా. ఏదైనా తీసుకో, ఏదైనా పెట్టు, పుస్తకంలో పేరు రాయి: ఇంతే షరతు. కొద్ది రోజుల్లోనే వెతికి పట్టుకున్నారు. ఇప్పుడు ప్రపంచంలో ఇలాంటి డబ్బాలు 30 లక్షలకు పైమాటే. 2008లో ఒకటి అంతరిక్ష కేంద్రానికి కూడా చేరింది.

మనకు ఇది మరీ కొత్తేం కాదు. ఇసుకను సన్నటి గట్టులా పోసి, అందులో చిన్న పుల్ల జొనిపి, ఎక్కడుందో చెప్పమని రెండు చేతులూ పెనవేసి మూయించే ఆట ఆడని ఊరు ఉండదు. తేడా ఏమిటంటే, ఆ ఆటలో దాచేవాడు, వెతికేవాడు ఎదురెదురుగా కూర్చుంటారు. ఇందులో ఒకరి ముఖం ఒకరు చూడరు. దాచినవాడు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటాడు. వెతికేవాడు పరాయిచోట ఒంటరిగా రాళ్ళ సందుల్లో చెయ్యి పెడుతుంటాడు. తంటా అంతా అక్కడే.

ఈ ఆటగాళ్ళకు ఒక మాట ఉంది: మగుల్. హారీ పాటర్ కథల్లోంచి తెచ్చుకున్నారు. ఆట తెలియని దారినపోయేవాళ్ళందరూ మగుళ్ళే. వాళ్ళ కంట పడకుండా డబ్బా తీయాలి, పేరు రాయాలి, మళ్ళీ అక్కడే పెట్టాలి. ఆరెగాన్ అడవిలో అది పెద్ద కష్టం కాదు. మూసీ గట్టున ఎవరూ చూడని నిమిషం ఒక్కటి దొరుకుతుందేమో ప్రయత్నించండి. నేను ఒక ఆదివారం పొద్దున్నే నయాపూల్ పక్కన గంటసేపు కూర్చున్నాను. చేపల తట్టలు పోయాయి, మేకల మంద పోయింది, పళ్ళబండి ఆగింది, ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి ఫోటో తీయమన్నారు. జనం లేని వంద గజాలు దొరకలేదు, జనం లేని నిమిషమూ దొరకలేదు.

ఇక నిబంధనలు. ఆట నడిపేవాళ్ళే పెట్టిన షరతులు కొన్ని ఉన్నాయి. ఒక డబ్బాకూ ఇంకో డబ్బాకూ కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. నేల తవ్వి పూడ్చకూడదు. స్థలం ఎవరిదో వాళ్ళ అనుమతి ఉండాలి. వీటికి తోడు, ఉగ్రవాదుల గురి పడే అవకాశం ఉన్న కట్టడాల దగ్గర డబ్బా పనికిరాదు: వంతెనలు, ఆనకట్టలు, ప్రభుత్వ భవనాలు, బళ్ళు, ఆసుపత్రులు. ఈ జాబితా చేతపట్టుకుని పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా ఏటి వెంట నడవండి. మొదటిదే వంతెన, 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో కట్టింది, ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే పారిస్ నగరపు పాంట్ నెఫ్‌తో పోల్చింది. పోయింది. తర్వాత సిటీ కాలేజీ. బడి కిందే లెక్క. పక్కన ఎర్రరాతి హైకోర్టు. ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, చింతచెట్టుతో సహా. నయాపూల్, మళ్ళీ వంతెన. రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, ప్రభుత్వానిది. సాలార్‌జంగ్ మ్యూజియం, అక్కడ సంచులే లోపలికి రానివ్వరు. ఏటి మధ్యలో ఇమ్లీబన్ బస్టాండు, దాని సంగతి చెప్పేదేముంది.

అంటే చెప్పుకోవడానికి కథ ఉన్న ప్రతి చోటా నిషేధం ఉంది, నిషేధం లేని చోట చెత్త ఉంది. మిగిలింది రాతి గోడల కింద నదిగర్భంలోని గడ్డి. అక్కడ డబ్బా పెడితే ఎన్నాళ్ళుంటుంది? 2025 సెప్టెంబరు చివర్లో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లెత్తితే బస్టాండులోకే నీళ్ళొచ్చి ప్రయాణికులను తాళ్ళతో దాటించాల్సి వచ్చింది. మూసీకి డబ్బా ఒక లెక్కా?

నిబంధనలు కాగితం మీదివి. మనుషుల సంగతి వేరు. పాతబస్తీలో వంగి వెతుకుతున్న మనిషిని చూస్తే జనానికి వచ్చే అనుమానాలు మూడు, మూడింటికీ చరిత్ర ఉంది.

మొదటిది బాంబు. 2007 ఆగస్టు 25 సాయంత్రం హుస్సేన్‌సాగర్ ఒడ్డున లుంబినీ పార్కులో లేజర్ షో చూస్తున్నవాళ్ళ మధ్య ఒక బాంబు పేలింది. కోఠీలో గోకుల్ చాట్ దగ్గర ఇంకొకటి. రెండుచోట్లా కలిపి 40 మందికి పైగా పోయారు. అదే ఏడు మే నెలలో మక్కా మసీదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ళకు తగిలించిన టిఫిన్ డబ్బాలు. ఏటి ఒడ్డు పార్కులో ఎవరిదో తెలియని డబ్బా ఉండటమంటే ఈ ఊళ్ళో ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. అమెరికాలో ఆటగాళ్ళు అన్నిటికంటే ఇష్టపడే డబ్బా సైన్యం వాడి వదిలేసిన తూటాల పెట్టె, నీళ్ళు చొరబడవని. చార్మినార్ పోలీస్‌స్టేషన్లో కూర్చుని ఆ మాట వివరించే ధైర్యం నాకు లేదు. ఇది మన దగ్గరి పిరికితనమేమీ కాదు. ఇంగ్లండులో వెదర్బీ అనే చిన్న ఊళ్ళో 2011 వేసవిలో ఒక కేఫ్ ముందు పూలకుండీ కింద ఎవరో ఏదో పెడుతున్నారని ఫోను వెళ్ళింది. వీధి ఖాళీ చేయించి, సైన్యాన్ని పిలిపించి పేల్చేశారు. తీరా చూస్తే జియోక్యాష్.

రెండోది గుప్తనిధి. తెలంగాణ పల్లెల్లో పాత గుళ్ళ వెనక, గడీల్లో, కోటగోడల కింద రాత్రిపూట గోతులు తవ్వేవాళ్ళ వార్త రాని నెల ఉండదు. చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉందనీ, అందులో బంగారం ఉందనీ ఈ ఊళ్ళో పిల్లలకు నడక రాకముందే చెబుతారు. యంత్రం పట్టుకుని పాత రాళ్ళ మధ్య తిరిగేవాణ్ణి చూసి జనం మెటల్ డిటెక్టర్ అనుకోవడంలో తప్పేం ఉంది? సరదాగా ఒక సంగతి. 1878లో వచ్చిన నిధుల చట్టంలో నిధి అన్నదానికి నిర్వచనం చాలా ఉదారమైనది. మట్టిలోగానీ మట్టికి అంటిపెట్టుకుని ఉన్నదాంట్లోగానీ దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా నిధే. దాని విలువ పది రూపాయలు దాటితే దొరికినవాడు కలెక్టరుకు తెలియజేయాలి. గోడ సందులో దాచిన డబ్బాలో ఒక తాళపుచెవుల గొలుసు, ఒక బొమ్మ కారు ఉన్నాయనుకోండి. పది రూపాయలకు తక్కువ పట్టవు.

మూడోది సర్వే. మూసీ ఒడ్డున ఇప్పుడు ఎక్కువ గుండె దడ పుట్టించేది ఇదే. బాంబుకు, బంగారానికి నవ్వో కోపమో వస్తుంది. సర్వేవాడొచ్చాడంటే నోరు పెగలదు. 1908 వరద తర్వాత నిజాం ప్రభుత్వం ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన రెండు జలాశయాలు కట్టమన్నాడు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. ఊళ్ళో ఏటి ఒడ్డును గోడలు కట్టి, తోటలు వేసి, జనం షికారు చేసే చోటుగా మార్చమన్నాడు. వరద తర్వాత ఏటి ఒడ్డున వచ్చిన తోటలు ఆ సలహాలోంచి మొలిచినవే. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది. అదే ఏడాది లియోనార్డ్ మన్ అనే ఆయన ఊరంతా కొలవడం మొదలుపెట్టాడు. ఇంటి గోడ, బావి, మెట్టు, చెట్టు, ఏదీ వదలకుండా వందల షీట్ల మీద గీయించాడు. ఇవాళ పాతబస్తీ చరిత్ర రాసేవాళ్ళకు ఆ పటాలే పెన్నిధి. ఆ కొలతల వెనకే ఇరుకు బస్తీలు కూల్చడమూ వచ్చిందని మాత్రం మరిచిపోకూడదు.

సరిగ్గా ఇలాంటిదే మొన్న 2024లో. మూసీ సుందరీకరణ పేరుతో చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ ప్రాంతాల్లో అధికారులు ఇల్లిల్లూ తిరిగి, నదిగర్భంలో ఉన్నవని తేల్చిన ఇళ్ళ మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాశారు. కొన్ని రోజులకే కూల్చివేతలు మొదలయ్యాయి. ఆ రాతలు చూసిన గల్లీలోకి ఫోనులో అక్షాంశాలు చూసుకుంటూ, గోడలు తడుముతూ ఒక కొత్త మనిషి వచ్చాడంటే వాడు ఆటగాడని ఎవరనుకుంటారు? ఎందుకనుకోవాలి? నాకు తెలిసి ఈ ఆట మీద వచ్చిన చర్చలన్నీ రాళ్ళకు జరిగే నష్టం గురించి, గడ్డి మీద పడే కాలిబాట గురించి మాట్లాడతాయి. అవీ నిజాలే. డంగుసున్నం సందులో రోజుకొకడు వేలు పెడితే నాలుగు వందల ఏళ్ళ గోడైనా రాలుతుంది. కానీ ఒడ్డున కాపురం ఉన్నవాళ్ళకు కలిగే కంగారును లెక్కలోకి తీసుకున్నవాళ్ళు తక్కువ. పార్కు అంటే ఇళ్ళు లేని చోటు అనే అలవాటు ఆ చర్చలు చేసేవాళ్ళది. మన ఏటి ఒడ్డు అలాంటిది కాదు.

బయటి దేశాలు ఏం చేశాయి? అమెరికా జాతీయ పార్కులు మొదట్లో డబ్బాలను గట్టిగానే కాదన్నాయి. తర్వాత ఎక్కడికక్కడ పార్కు అధికారి అనుమతిస్తేనే అన్న దారికి వచ్చాయి. డబ్బా లేని రకాలను మాత్రం రమ్మన్నాయి. వాటిలో ఒకటి ఎర్త్‌క్యాష్, 2004లో మొదలైంది, అమెరికా భూగర్భశాస్త్ర సంఘం వెనక ఉండి నడిపింది. నేల గురించి ఒక ప్రశ్న ఇస్తారు, అక్కడికి వెళ్ళి చూసి జవాబు పంపాలి. ఇంకొకటి వర్చువల్, చోటే నిధి. వీటిని కొత్తగా పెట్టడం 2005లో ఆపేసి, 2017లో ప్రపంచం మొత్తానికి 4,000 మందికి మాత్రం మళ్ళీ అనుమతి ఇచ్చారు. ఈమధ్య ఫోనులోనే నడిచే అడ్వెంచర్ ల్యాబులు వచ్చాయి, ఐదు చోట్లు తిప్పి ఐదు ప్రశ్నలు వేస్తాయి.

పాతబస్తీకి ఇవే దారి అని తేల్చేయడం తేలిక. చాలామంది తేల్చేశారు కూడా. నాకు అంత నమ్మకం కుదరదు. డబ్బా లేకపోయినంత మాత్రాన అనుమానం పోదు. 2016లో పోకెమాన్ గో వచ్చినప్పుడు దాంట్లో డబ్బా లేదు, గోడ తాకే పనీ లేదు. అయినా ఫోనులో కనిపించే గుడ్లు ప్రార్థనాస్థలాల్లో పడుతున్నాయని గుజరాత్ హైకోర్టులో పిటిషను పడింది. బొమ్మ గుడ్డే అంత గొడవ చేసిందంటే, వెతికే మనిషి ఎక్కడ నిలబడ్డాడన్నదే అసలు సంగతి, ఏం వెతుకుతున్నాడన్నది కాదు.

పైగా యంత్రం సంగతి. చార్మినార్ దగ్గర ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల 21.69 నిమిషాలు, తూర్పు రేఖాంశం 78 డిగ్రీల 28.48 నిమిషాలు. ఆటలో నిమిషానికి మూడు దశాంశాలు ఇస్తారు. ఆ చివరి అంకె ఒకటి మారితే రెండు మీటర్లలోపే. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఆకాశం విప్పారి ఉన్న మైదానంలో ఫోను మూడు నుంచి ఐదు మీటర్ల తేడాతో చూపిస్తుంది. చేతులు చాపితే రెండువైపులా గోడలు తగిలే పత్తర్‌గట్టీ వెనక సందుల్లోకి వెళ్ళండి, ఉపగ్రహ సంకేతాలు గోడలకు తగిలి ఎగిరి వచ్చేసరికి నీలిచుక్క మూడిళ్ళు దాటి ఎవరి వంటింట్లోనో తేలుతుంది. ఐదో ప్రశ్నకు జవాబు ఎవరి గడపలో ఉందో వాళ్ళను అడగక తప్పదు.

అడగడమే ఆటగా మార్చుకుంటే? మగుల్ అన్న మాటనే ఎత్తేసి, దారిన పోయేవాడికి తెలియకూడదన్న షరతును తిరగేసి, తెలిసినవాణ్ణి వెతుక్కోవడమే ఆట అంటే? ఆటలో ఇప్పటికే ఒక రకం ఉంది, దీనికి దగ్గరిది. ఐరోపాలోనూ అమెరికాలోనూ గ్రంథాలయాల్లో డబ్బాలు పెడతారు, గ్రంథాలయం వాళ్ళ చేతుల మీదుగానే. అక్షాంశాలు నిన్ను తలుపు దాకా తెస్తాయి, అక్కడి నుంచి పుస్తకపు సంఖ్య తీసుకెళ్తుంది, బీరువాలో పుస్తకాల మధ్య ఒక ఉత్తుత్తి పుస్తకం, దానిలో సంతకాల కాగితం. ప్రభుత్వ భవనమే అయినా అనుమతి ఉంది, చూసేవాళ్ళకు తెలుసు. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా పుట్టి, 1936 నుంచి అఫ్జల్‌గంజ్ ఒడ్డున ఇప్పటి భవనంలో ఉన్న మన కేంద్ర గ్రంథాలయం దీనికోసమే పుట్టిన చోటులా అనిపిస్తుంది నాకు. చింతచెట్టు నుంచి నడిచి పోయేంత దూరమే. చెట్టు దగ్గర ప్రశ్న, గ్రంథాలయంలో డబ్బా. చెట్టును ఎవరూ తాకనక్కర్లేదు.

ఆటగాళ్ళు గర్వంగా చెప్పుకునే ఇంకో సంగతి ఉంది. 2002 నుంచి వాళ్ళు వెతకడానికి వెళ్ళినప్పుడు ఒక సంచి తీసుకెళ్ళి దారిలోని చెత్త ఏరుకొస్తారు. మంచిదే. మూసీకి ఆ సంచి చాలదు.

నీటి ఒడ్డు అనగానే అందరం మూసీనే అంటాం గానీ, పాతబస్తీకి అసలు చెరువు వేరే ఉంది. మీర్ ఆలం చెరువు. 1804 జులైలో రాయి వేసి, 1806 జూన్‌కల్లా పూర్తిచేశారు. ఉస్మాన్‌సాగర్ వచ్చేదాకా ఊరికి మంచినీళ్ళు ఇవే. దీని కట్ట మామూలు కట్ట కాదు. అర్ధచంద్రాకారపు రాతి వంపులు 21, ఒకదాని పక్కన ఒకటి, నీళ్ళవైపు పొట్ట ఉబ్బించుకుని నిలబడి ఉంటాయి. వంపులన్నీ ఒకే కొలత కాదు, కొన్ని ఇరుకు, కొన్ని వెడల్పు. ఒక్కో వంపు నీటి బరువును పక్కనున్న దిమ్మెల మీదికి తోసేస్తుంది, అందుకే గోడ అంత సన్నగా ఉండి కూడా రెండు వందల ఏళ్ళు ఆగింది. ఇప్పటికీ నిలిచి ఉన్న ఇలాంటి బహువంపుల ఆనకట్టల్లో ఇది ప్రపంచంలోనే పాతవాటిలో ఒకటి. నిబంధనల్లో ఆనకట్టల పేరుంది కాబట్టి ఇక్కడా డబ్బా కుదరదు. ప్రశ్న కుదురుతుంది. అయితే ఎన్ని వంపులు అని అడిగితే లాభం లేదు, ఇంట్లో కూర్చుని జవాబు పంపేస్తారు. అన్నిటికంటే ఇరుకైన వంపు తూర్పు నుంచి ఎన్నోది అని అడగాలి.

జవాబు నేను కనుక్కుని పెట్టుకుందామని ఒక సాయంత్రం వెళ్ళాను. తుమ్మలు అడ్డం, గుర్రపుడెక్క అడ్డం, పదమూడో పద్నాలుగో దగ్గర లెక్క తప్పింది. గాలం వేసుకుని కూర్చున్న ఒక కుర్రాడు నా వేళ్ళు కదలడం చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. "సర్వేవాలే హై క్యా సాబ్?" అన్నాడు. కాదు, ఆట అన్నాను. నమ్మినట్టు లేడు. వంపుల సంగతి అడిగాను. గాలం పక్కన పెట్టి లేచి, చెయ్యి చాపి, ఇటు నుంచి చూస్తే అన్నీ ఒక్కటే అనిపిస్తాయి, నీళ్ళు తగ్గాక రావాలి, అప్పుడు తెలుస్తుంది అని, ఎండాకాలంలో ఏ వంపు కింద ఏ చేప పడుతుందో వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. ఫోను జేబులో పెట్టి కూర్చున్నాను.